380 మీటర్ల రోడ్డు, 64 ఇళ్ళు: డబ్బు ఏ పద్దులోంచి రావాలి?

అరుగుమీద · 2025 జూన్ 3

అందరికీ నమస్కారం. మాది కోస్తాలో ఓ మధ్యరకం మున్సిపాలిటీ. ఊరి పేరు రాయను, రాస్తే రేపు పొద్దున్నే మా కౌన్సిలర్ గారి ఫోన్ వస్తుంది.

మా వీధిని టేపు పెట్టి కొలిచాం. 380 మీటర్లు. ఇళ్ళు 64. తారు వేసి పద్దెనిమిదేళ్ళు దాటింది, మధ్యలో రెండుసార్లు ప్యాచ్‌లు వేశారు. ఇప్పుడు మొసలి తోలులా పగుళ్ళు, తారు కన్నా కంకరే ఎక్కువ కనిపిస్తుంది. మొన్న పాలబ్బాయి క్యాన్లతో సహా పడ్డాడు. పాలు పోయినందుకు కాదు గానీ, లేచి "మీ వీధికి రేపట్నుంచి రానండీ" అన్నాడు చూడండి, అప్పుడు నిజంగా సిగ్గేసింది.

రెండేళ్ళుగా ఎవరిని అడిగినా ఒకటే మాట, "ఫండ్స్ లేవు". మరి మాకన్నా బాగున్న పక్క వీధికి ఈ మార్చిలో సీసీ రోడ్డు పోశారు. ఏ రోడ్డుకు డబ్బు ఇవ్వాలో అసలు ఎవరు తేలుస్తారు, దేన్ని చూసి తేలుస్తారు? తెలిసినవాళ్ళు చెప్పండి. తిట్లు వద్దు, అవి మా వీధిలోనే బోలెడు.

ఎర్రమట్టి · జూన్ 3

పక్క వీధిలో ఎవరిల్లుందో చూడండి. తీగ లాగితే డొంకంతా కదులుతుంది.

పాత_ఎంబుక్ · జూన్ 3

ఎర్రమట్టి గారి మాట కొన్నిచోట్ల నిజమే, కాదనను. కానీ ముప్పై ఏళ్ళకు పైగా మున్సిపల్ ఇంజనీరింగ్‌లో పనిచేసి రిటైరైనవాడిగా ఒక మాట. "ఫండ్స్ లేవు" అనేది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. మున్సిపాలిటీ డబ్బు ఒకే బీరువాలో ఉన్నా అరలు వేరు, ఒక్కో అరకు ఒక్కో తాళం.

మొదటి అర సాధారణ నిధులు. ఆస్తిపన్ను, ఖాళీ స్థలాల పన్ను, నీటి చార్జీలు, ప్లాన్ ఫీజులు, రిజిస్ట్రేషన్ల మీద వచ్చే స్టాంపు డ్యూటీ వాటా అన్నీ అందులోకే వస్తాయి. చెత్త బళ్ళు, వీధిదీపాల కరెంటు బిల్లు, నీళ్ళ మోటార్లు, కాంట్రాక్టు సిబ్బంది, అన్నీ అందులోంచే పోతాయి. మిగిలితే రోడ్డు. చిన్న ఊళ్ళలో ఏం మిగులుతుందో మీరే ఊహించుకోండి.

రెండోది కేంద్రం నుంచి వచ్చే 15వ ఆర్థిక సంఘం గ్రాంటు. పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్ళకు ఇచ్చేదాంట్లో వందకు 30 మంచినీళ్ళకు, 30 పారిశుధ్యానికి కట్టేశారు. మిగిలిన 40 మాత్రమే స్థానిక అవసరాలకు, అదీ జీతాలకు వాడకూడదు. మీ రోడ్డు ఆ 40లో తల దూర్చాలి. ఆ గ్రాంటు గడువు కూడా 2026 మార్చి దాకానే.

ఇక ఎంపీ నిధులు, ఎమ్మెల్యే సిఫారసు పనులు, ఎస్సీ కాలనీలకు ప్రత్యేకంగా కేటాయించేవి. ఎంపీకి ఏడాదికి 5 కోట్లు, అది మొత్తం నియోజకవర్గానికి. అందుకే "పక్క వీధికి ఎలా వచ్చింది" అని కాదు, "పక్క వీధి పని ఏ పద్దు" అని అడగండి. అది వేరే అరలోంచి వచ్చిందైతే, వాళ్ళు వేయించుకోకపోయినా మీకు వచ్చేది కాదు.

ఇవన్నీ అడిగే ముందు ఇంకో ప్రశ్న. ఆ రోడ్డు మున్సిపాలిటీదేనా? ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వారిదైతే మున్సిపాలిటీ పైసా పెట్టినా ఆడిట్‌లో పట్టుకుంటారు.

అరుగుమీద · జూన్ 3

మున్సిపాలిటీదేనండీ. వార్డు సచివాలయంలో అడిగాను. పోయినేడు నవంబరులో గుంతలు పూడ్చే కార్యక్రమం అని పేపర్లో చూసి చాలా ఆశపడ్డాం కూడా.

పాత_ఎంబుక్ · జూన్ 3

2024 నవంబరు 2న అనకాపల్లి జిల్లాలో మొదలైంది కదా, అది ప్రధానంగా ఆర్ అండ్ బీ రోడ్లకు. మీ వీధి దాని లెక్కలోకి రాదు.

కూకట్‌పల్లి_నుంచి · జూన్ 4

మాకు హైదరాబాద్‌లో సీఆర్‌ఎంపీ అని సమగ్ర రోడ్ల నిర్వహణ కార్యక్రమం పెట్టారు 2019 చివర్లో. 709 కిలోమీటర్ల మెయిన్ రోడ్లు, ఏడు ప్యాకేజీలు, ఐదేళ్ళు, 1,800 కోట్ల పైచిలుకు. రోడ్డు వేసి వెళ్ళిపోవడం కాదు, ఐదేళ్ళు ఆ ఏజెన్సీయే చూసుకోవాలి. మొదటి ఏడాది సగం పొడవు కొత్తగా వేయాలి, రెండో ఏడు 30 శాతం, మూడో ఏడు మిగతా 20. ఊడ్చింది, ఫుట్‌పాత్ చూసింది కూడా ఆ ఐదేళ్ళూ వాళ్ళే.

పనిచేసిందా అంటే మెయిన్ రోడ్లు మెరుగుపడ్డాయి అనే అంటాను. మా గల్లీ మాత్రం ఆ 709లో లేదు. బస్సు దిగేదాకా స్వర్గం, దిగాక మీ వీధే.

ఎర్రమట్టి · జూన్ 4

అప్పు తెచ్చి వేశారని కూడా రాయండి బ్రదర్.

కూకట్‌పల్లి_నుంచి · జూన్ 4

రాస్తాను, దాచేదేముంది. బాండ్లు (అప్పు పత్రాలు) కూడా అమ్మారు, ఎస్‌ఆర్‌డీపీ అనే రోడ్ల అభివృద్ధి ప్రణాళికలోని ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల కోసం. 2018 ఫిబ్రవరిలో 200 కోట్లు 8.9 శాతం వడ్డీకి, అదే ఏడు ఆగస్టులో 195 కోట్లు 9.38కి, 2019లో ఇంకో 100 కోట్లు 10.23కి. మొత్తం 495 కోట్లు. వడ్డీ ఎలా ఎక్కుతూ వచ్చిందో చూడండి. మొదటి 200 కోట్లకు కేంద్రం 26 కోట్లు ప్రోత్సాహకం ఇచ్చింది. విశాఖ కూడా 2018 డిసెంబరులో 80 కోట్ల బాండ్లు అమ్మింది.

అరుగుమీద · జూన్ 4

మా మున్సిపాలిటీ బాండ్లు అమ్మితే కొనేవాళ్ళు ఉంటారా?

పాత_ఎంబుక్ · జూన్ 4

ముందు క్రెడిట్ రేటింగ్ రావాలి, దానికి ఏళ్ళ తరబడి లెక్కలు ఆడిట్ అయి ఉండాలి. అయినా 380 మీటర్ల రోడ్డుకు బాండేమిటండీ, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

లెక్కలపంతులు · జూన్ 5

అందరూ ఖర్చు మాట్లాడుతున్నారు, ఆదాయం లెక్క ఎవరూ వేయలేదు. అరుగుమీద గారూ, మీ వీధిలో సగటు ఇంటిపన్ను ఏడాదికి ఎంత?

అరుగుమీద · జూన్ 5

మాది ఆరు నెలలకు 1,840. కొన్ని ఇళ్ళు తక్కువ. సగటు ఏడాదికి 3,500 అనుకోండి.

లెక్కలపంతులు · జూన్ 5

64 ఇళ్ళు × 3,500 = 2,24,000. ఇది మీ వీధి మొత్తం ఏడాదికి కట్టేది, అదీ అందరూ కడితే.

ఇప్పుడు రోడ్డు. 380 మీటర్ల పొడవు, 5.5 మీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల మందం సీసీ అంటే 418 ఘనపు మీటర్ల కాంక్రీటు. కింద తవ్వకం, గ్రావెల్, పైన జీఎస్‌టీ అన్నీ కలిపి మా ఊళ్ళో ఈమధ్య పడిన రోడ్డు రేటుతో లెక్కేస్తే 44 లక్షల దగ్గర తేలింది. భాగించండి. మీ వీధి పన్ను దాదాపు ఇరవై ఏళ్ళది మొత్తం పోగేసి, ఆ ఇరవై ఏళ్ళూ చెత్త ఎత్తకుండా, లైటు వేయకుండా, నీళ్ళు వదలకుండా ఉంటే ఒక్క రోడ్డు వస్తుంది. బాగా వేస్తే సీసీ ఆయుష్షు కూడా ఇరవై ఏళ్ళే.

ఎర్రమట్టి · జూన్ 5

అంటే తప్పు జనానిదా? బాగుంది పంతులుగారూ. 2021 నుంచి అద్దె విలువ పోయి ఆస్తి మూలధన విలువ మీద పన్ను వచ్చింది, ఏడాదికి 15 శాతం దాకా పెరుగుతూ పోతోంది. ఇంకెంత కట్టాలి? బస్తాల్లో తెచ్చి పోయాలా?

లెక్కలపంతులు · జూన్ 5

నేను తప్పు ఎవరిదీ అనలేదు. భాగహారం చేశాను, అంతే. ఆ పన్ను మార్పు కూడా ఊరికే రాలేదు, ఆస్తిపన్ను సంస్కరిస్తేనే రాష్ట్రానికి అదనపు అప్పుకు అనుమతి, పట్టణాలకు ఆర్థిక సంఘం గ్రాంటు అని ఢిల్లీ షరతు పెట్టింది. అంటే మీరు కట్టే పెరిగిన పన్ను ఆ 40 శాతం అరకు తాళంచెవి కూడా.

గడపకింద · జూన్ 5

రోడ్డు వేస్తే సంతోషమే కానీ ఎలా వేస్తారో కూడా చూసుకోండి నాయనా. మా వీధిలో పాతది తీయకుండా దాని మీదే మూడుసార్లు వేశారు. మా మావయ్యగారు కట్టిన ఇంటికి నాలుగు మెట్లు ఉండేవి. ఇప్పుడు ఒకటే మెట్టు, అదీ కిందికి. వాన పడితే వీధి మా హాల్లోకి వస్తుంది. వెయ్యకపోయినా బాగుండేది అని నేనంటే మా వీధిలో నన్ను వింతగా చూశారు.

అరుగుమీద · జూన్ 9

అప్‌డేట్. ఈరోజు సోమవారం కదా, పీజీఆర్‌ఎస్‌లో (ప్రజల ఫిర్యాదులు తీసుకునే చోట) అర్జీ ఇచ్చాను. పాత_ఎంబుక్ గారు చెప్పినట్టు "ఎప్పుడు వేస్తారు" అనకుండా "ఏ పద్దులో పెట్టారు" అని రాశాను. కౌంటర్లో ఆవిడ తలెత్తి నన్ను రెండోసారి చూసింది!

తేలిందేమిటంటే, మా వీధికి రెండేళ్ళ కిందటే ఎస్టిమేట్ ఉంది. 9 లక్షల 40 వేలు. తారు మీద తారు, 40 మిల్లీమీటర్లు. సాధారణ నిధుల్లో పెట్టారు. టెండరు రెండుసార్లు పిలిచారట, ఒక్కరూ రాలేదట.

పక్క వీధిది ఎంపీ నిధులు. ఎర్రమట్టి గారూ, ఆ వీధిలో ఎవరిల్లు ఉందో కూడా తెలుసుకున్నాను. ఒక స్కూలు ఉంది. అంతే.

ఎర్రమట్టి · జూన్ 9

స్కూలు ఎవరిది?

అరుగుమీద · జూన్ 9

మున్సిపాలిటీదే సార్, వదిలేయండి.

తారుడబ్బా · జూన్ 9

టెండరుకు ఎవరూ ఎందుకు రాలేదో నేను చెప్తా. చిన్న కాంట్రాక్టర్ని, ఈ జన్మకు అదే.

మేం టెండరు చూడగానే మొదట చూసేది రోడ్డు కాదు, పద్దు. ఎంపీ నిధులా, ఆర్థిక సంఘమా? డబ్బు ముందే వచ్చి ఉంటుంది, బిల్లు పడుతుంది. అలాంటి పనికి పది మంది వస్తారు, పోటీపడి ఎస్టిమేట్ కన్నా 20 శాతం, 24 శాతం లెస్ వేసేస్తారు. 25 దాటితే తేడా సొమ్ముకు అదనపు గ్యారంటీ కట్టాలి కాబట్టి అక్కడ బ్రేకు. సాధారణ నిధులా? ఎం‌బుక్‌లో (పని కొలతల పుస్తకంలో) రికార్డు చేసి, చెక్ మెజర్‌మెంట్ (మళ్ళీ కొలిచి చూడటం) అయి, బిల్లు పెట్టాక ఎన్నాళ్ళకు పడుతుందో దేవుడికి తెలియాలి. నాకు ఒక ఊళ్ళో డ్రైన్ పని బిల్లు పద్నాలుగు నెలలకు వచ్చింది. ఊరి పేరు చెప్పను, ఇంకా అక్కడే ఒక ఈఎండీ (టెండరు డిపాజిట్) ఇరుక్కుని ఉంది. ఆ పద్నాలుగు నెలలూ నూటికి రెండు రూపాయల వడ్డీ నేను కట్టాను.

పోనీ ఆ వడ్డీ కలుపుకుని ఎక్కువకు వేద్దామా అంటే ఎస్టిమేట్ మీద 5 శాతం దాటితే టెండరే చెల్లదు. పైగా 2022 జులై నుంచి మా పనుల మీద జీఎస్‌టీ 12 నుంచి 18 అయింది. రెండేళ్ళ కిందటి రేట్లతో 9 లక్షల 40 వేల ఎస్టిమేట్‌కు ఎవడొస్తాడండీ? వచ్చినా తారు ఎక్కడ మిగలాలో అక్కడ మిగులుతుంది. మీకు అర్థమైందనుకుంటా.

గడపకింద · జూన్ 9

నిజం ఒప్పుకున్న మొదటి కాంట్రాక్టరు మీరే బాబూ.

పాత_ఎంబుక్ · జూన్ 10

తారుడబ్బా గారు చెప్పింది నూటికి తొంభై పాళ్ళు సరి. మిగతా పది ఆయన చెప్పకుండా వదిలేసినవి.

అరుగుమీద గారూ, ఆ 9.40 లక్షల ఎస్టిమేట్ టెండరుకు ఎవరూ రాకపోవడం మీ అదృష్టం అనుకోండి. పద్దెనిమిదేళ్ళ రోడ్డు, మొసలి తోలులా పగుళ్ళు, కంకర లేచిపోయింది అంటున్నారు. అది పై పొర జబ్బు కాదు, కింద పొరది. దాని మీద 40 మిల్లీమీటర్ల తారు వేయడం కుళ్ళిన పన్ను మీద తొడుగు వేయడమే. రెండు వానాకాలాలకు మళ్ళీ మీరు ఇక్కడికే వచ్చి పోస్టు పెడతారు.

అయితే అలాంటి ఎస్టిమేట్ ఎందుకు వేశారు? ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) తెలియక కాదు. "పది లక్షల్లో సర్దు" అని పైనుంచి వస్తుంది. పద్దులో ఎంతుందో చూసి దానికి సరిపడే రోడ్డు గీస్తాం. నేనూ గీశాను. సర్వీసులో అలాంటివి ఎన్ని సంతకాలు పెట్టానో లెక్కలేదు, ఇప్పుడు ఆ వీధుల్లో నడుస్తుంటే తల వంచుకునే నడుస్తాను, గుంతలు చూసుకోవడానికి కూడా అనుకోండి.

మీరు అడగాల్సింది, మూడు చోట్ల గుంత తవ్వి కింద పొరలు ఏమున్నాయో చూడమని. ఖర్చు పెద్దగా ఉండదు. అది చూశాకే పైపైన వేయాలా, మొత్తం తీసి కట్టాలా అనేది తేలుతుంది. గడపకింద అమ్మా, మీ బాధకూ మందు అదే. పాతది తీసేసి అదే లెవల్లో కడితే గడప మునగదు. కానీ మొత్తం తీసే రోడ్డుకు మూడు నాలుగింతలు డబ్బు కావాలి, అక్కడే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

మంచుదేశం · జూన్ 10

మినియాపొలిస్ శివారులో ఉంటున్నాను. ఇక్కడి పద్ధతి చెప్తాను, నచ్చకపోతే తిట్టండి.

2022లో మా వీధి మొత్తం తవ్వి కట్టారు. ముందు ఇంటికి ఉత్తరం వచ్చింది, ఫలానా తేదీన విచారణ, మీ ఇంటి వాటా 6,800 డాలర్లు అని. నేను మోసపు ఉత్తరం అనుకుని చెత్తబుట్టలో వేశాను! పక్కింటాయన చెప్తే తెలిసింది, దీన్ని స్పెషల్ అసెస్‌మెంట్ అంటారు, మిన్నెసోటా చట్టంలో 429వ చాప్టర్. ఖర్చులో కనీసం 20 శాతం ఆ వీధి ఇళ్ళ మీద వేస్తే, ఓటింగు పెట్టకుండానే సిటీ మిగతాదానికి బాండ్లు అమ్మవచ్చు. ఒకేసారి కట్టక్కర్లేదు, మాకు పదిహేనేళ్ళ వాయిదాలు, ఆస్తిపన్నుతో కలిపి, వడ్డీతో.

ఇష్టం వచ్చినంత వేయడానికి లేదు. రోడ్డు వల్ల మీ ఇంటి విలువ ఎంత పెరుగుతుందో అంతకు మించకూడదు. మించిందని అనుకుంటే విచారణ అయ్యేలోపు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, తర్వాత 30 రోజుల్లో కోర్టుకు వెళ్ళవచ్చు. మా వీధిలో ఒక పెద్దావిడ వెళ్ళింది కూడా.

డాలస్‌లో_గోంగూర · జూన్ 10

మాకు టెక్సస్‌లో ఓటింగ్. 2024 మే 4న డాలస్ వాళ్ళు 125 కోట్ల డాలర్ల బాండ్ల మీద ఓటేశారు, పది ముక్కలుగా. అందులో మొదటిది వీధులు, రవాణా, 52 కోట్ల డాలర్ల పైన. నెగ్గింది. తమాషా ఏమిటంటే ఇల్లు కొనుక్కుని నాలాగా హెచ్1బీ మీద ఉన్నవాళ్ళం ఆస్తిపన్ను అణా పైసలతో కడతాం, ఓటు మాత్రం ఉండదు. రోడ్డు ఎవరికి వేయాలో వాళ్ళు తేలుస్తారు, వాయిదా మేం కడతాం.

ఎర్రమట్టి · జూన్ 10

మంచుదేశం గారి పద్ధతి ఇక్కడ పెడితే రోడ్డుకు ముందు ప్రభుత్వం కొట్టుకుపోతుంది.

లెక్కలపంతులు · జూన్ 10

ఆవేశం పక్కనపెట్టి చూద్దాం. 44 లక్షల్లో 20 శాతం అంటే 8.80 లక్షలు. 64 ఇళ్ళకు ఒక్కొక్కరికి 13,750. పదేళ్ళ వాయిదాలైతే ఏడాదికి 1,375, వడ్డీ కాక. అరుగుమీద గారూ, మీ వీధి ఒప్పుకుంటుందా?

అరుగుమీద · జూన్ 10

నేను ఒప్పుకుంటాను. మా ఎదురింటాయన ఒప్పుకోడు, ఆయన ఇంటిపన్నే మూడేళ్ళుగా కట్టలేదు. అద్దెకున్నవాళ్ళు పదిహేడు ఇళ్ళు, వాళ్ళు ఓనరు కట్టాలంటారు, ఓనరు హైదరాబాద్‌లో ఉంటాడు. గుడికి చందా అయితే సాయంత్రానికి వసూలవుతుంది. రోడ్డుకంటే "మున్సిపాలిటీ ఉన్నది ఎందుకు" అంటారు. వాళ్ళ మాటా కాదనలేను. రోడ్డుకే కట్టామని అనుకునే కదా పన్ను కట్టేది.

మాజీ_వార్డమ్మ · జూన్ 11

రెండ్రోజులుగా చదువుతున్నాను, ఇంక ఉండబట్టలేక రాస్తున్నాను. ఒకప్పుడు కౌన్సిలర్‌గా చేశాను. ఇప్పుడు లేను, రేపు నిలబడను, అందుకని ధైర్యంగా చెప్తాను.

ఇంజనీరు గారు పద్దుల సంగతి చెప్పారు. ఆ పద్దును కౌన్సిల్లో ఎలా పంచుతారో చెప్పలేదు. బడ్జెట్ సమావేశానికి ముందు రోజు చైర్మన్ గారి చాంబర్లో టీ, మిర్చిబజ్జీ ఉంటాయి. అక్కడ తేలుతుంది అంతా. ఏ రోడ్డు ఎంత పాడైంది అన్న లెక్క అక్కడికి రాదు. "వార్డుకు ఇంత" అని పంచుతారు. మా హయాంలో వార్డుకు 12 లక్షలు. అందరికీ సమానం, ఎవరూ అలగరు, మర్నాడు సమావేశం పావుగంటలో అయిపోతుంది. పత్రికలవాళ్ళు "ఏకగ్రీవం" అని రాస్తారు.

12 లక్షలతో ఏం వస్తుంది? కల్వర్టు, రెండు ప్యాచ్‌లు, కొంచెం డ్రైన్. 44 లక్షల రోడ్డు ఎప్పటికీ రాదు. అలా ప్రతి వార్డులోనూ ప్రతి ఏడూ డబ్బు ఖర్చవుతుంది, ఒక్క వీధీ పూర్తిగా బాగుపడదు.

నాకు ఒక ఆలోచన వచ్చింది. చీటీ! నాలుగు వార్డులవాళ్ళం కలిశాం. ఈ ఏడు నలుగురి 12 కలిపి 48 లక్షలు ఒక వార్డుకు, వచ్చే ఏడు ఇంకొకరికి. పాట లేదు, చీట్లు వేసి తీశాం. కమిషనర్ గారు మొదట నవ్వారు, తర్వాత "మేడం ఇది బాగుంది" అన్నారు. నిజంగానే మొదటి ఏడు ఒక వీధి, రెండో ఏడు ఇంకోటి, అడుగు నుంచి తీసి కట్టారు. ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

మూడో ఏడు ముందే చీటీ ఎత్తుకున్న ఒకాయన పార్టీ మారి "నా 12 నాకే" అన్నాడు. చీటీ పాడుకుని పారిపోయేవాళ్ళు ఊరూరా ఉంటారు కదా. మూడోది సగం రోడ్డే అయింది. నాలుగో నంబరు నాది. మా వీధి ఇప్పటికీ అలాగే ఉంది.

తారుడబ్బా · జూన్ 11

అమ్మా, దండం. ఆ సగం రోడ్డు వేసింది నేను కాదు కదా?

మాజీ_వార్డమ్మ · జూన్ 11

అయ్యుండొచ్చు బాబూ. ఆ సగమైతే బాగానే ఉంది.

పాత_ఎంబుక్ · జూన్ 12

మేడం గారి చీటీ మాట బాగుంది, మా రోజుల్లో తట్టలేదు. ఒక చిక్కు మాత్రం చెప్పాలి. పని విలువ పెరిగేకొద్దీ మంజూరు చేసే అధికారి మారతాడు. ఎస్టిమేట్ పెద్దదైతే టెక్నికల్ శాంక్షన్‌కు పై ఇంజనీరు దగ్గరికి పోవాలి. ఆ తిరుగుడు తప్పించుకోవడానికే చాలాచోట్ల ఒక రోడ్డును మూడు ముక్కలు చేసి మూడు ఎస్టిమేట్లు వేస్తారు. ముగ్గురు కాంట్రాక్టర్లు, మూడు ఎత్తుల్లో రోడ్డు. చూసే ఉంటారు.

అరుగుమీద గారూ, ఇంకోటి కనుక్కోండి. మీ వీధిలో అమృత్ (పట్టణాలకు కేంద్ర పథకం) కింద మంచినీళ్ళ పైపు ఏమైనా రావాలా? రావాల్సి ఉంటే రోడ్డు ముందు వేయనివ్వకండి. పైపు వేసేవాడు తవ్విన మేర తిరిగి వేయడానికి డబ్బు ఆ పైపు ఎస్టిమేట్‌లోనే ఉంటుంది. మామూలుగా ఆ కందకం వరకు గరుకు సిమెంటు పూసి పోతారు. ఆ డబ్బును, వార్డు వాటాను, ఆర్థిక సంఘం 40 శాతంలో కొంతను ఒకచోట చేర్చి ఒకే పనిగా వేయమని రాతపూర్వకంగా ఇవ్వండి. చేయకూడదని ఏమీ లేదు. కాకపోతే ఎవరో ఒకరు ఫైలు పట్టుకుని మూడు సెక్షన్లు తిరగాలి. ఆ ఒకరు మీరే.

అరుగుమీద · జూన్ 20

పైపు రావాలండీ! సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి దరఖాస్తు ఇచ్చాను, ముప్పై రోజులు ఆగక్కర్లేకుండా డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) గారే పిలిచి చెప్పారు. మా వీధికి కొత్త మంచినీళ్ళ లైను మంజూరైంది, వానలు తగ్గాక. అంటే ఆ 9.40 లక్షల టెండరుకు ఎవరైనా వచ్చి ఉంటే, తారు వేసిన ఏడాదికి మధ్యలోంచి తవ్వేవాళ్ళన్నమాట.

మీరు చెప్పినట్టు మూడు పద్దులు కలపమని అర్జీ ఇచ్చాం. 41 సంతకాలు. ఎదురింటాయన కూడా పెట్టాడు. కౌన్సిలర్ గారు "నా వార్డు వాటా మొత్తం మీ ఒక్క వీధికే పెడితే మిగతా వీధులవాళ్ళు నన్ను బతకనిస్తారా" అన్నారు. మాజీ_వార్డమ్మ గారి చీటీ కథ చెప్పాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఆ నాలుగో ఆమె గతి ఏమైంది?" అని అడిగారు. నిజం చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది.

డీఈఈ గారు మాత్రం గుంతలు తవ్వి చూడటానికి ఒప్పుకున్నారు. సోమవారం.

ఎర్రమట్టి · జూన్ 20

తవ్వించారంటే గొప్పే. అది మాత్రం ఒప్పుకుంటా.

అరుగుమీద · జూన్ 23

ఈరోజు తవ్వారు. మూడు గుంతలు. మొదటి రెండింటిలో తారు కింద జానెడు కంకర, దాని కింద ఎర్ర గ్రావెల్. డీఈఈ గారు "పర్లేదు, కింద పొర పూర్తిగా పోలేదు" అన్నారు. మూడోది మా గేటు ముందు, రోడ్డు అన్నిటికన్నా ఘోరంగా ఉన్నచోట. అడుగున్నర తవ్వేసరికి నీళ్ళు ఊరాయి. వాన పడి వారమైంది. ఇంకొంచెం తవ్వితే పాత ఇనప పైపు, తుప్పు పట్టి సన్నగా కారుతోంది. ఎన్నేళ్ళుగా కారుతోందో. అది మెయిన్ లైను కాదు, ఇంటి కనెక్షన్. లైన్‌మన్ దాని వెంబడి గునపంతో కొట్టుకుంటూ వచ్చి మా గోడ దగ్గర ఆగాడు.

మాదే.

గడపకింద · జూన్ 23

అయ్యో రామ.

ఎర్రమట్టి · జూన్ 23

మొదటి రోజే చెప్పానా, ఎవరిల్లు ఉందో చూడండి అని 😄

పాత_ఎంబుక్ · జూన్ 23

బాధపడకండి. 64 ఇళ్ళ కనెక్షన్లలో అలాంటివి ఇంకో పదైనా ఉంటాయి. కొత్త లైనుతో పాటు అన్నీ మార్చాల్సిందే, ఎస్టిమేట్‌లో చేర్పించండి. అప్పటిదాకా ఆ ఒక్కటీ బాగుచేయించండి, లేకపోతే ఉన్న బేస్ కూడా పోతుంది.

అరుగుమీద · జూన్ 24

ప్లంబర్‌ను పిలిచాను. పైపు మార్చాలంటే రోడ్డు అవతలిదాకా తవ్వాలట. మున్సిపాలిటీలో అనుమతి అడిగితే ముందు రోడ్ కటింగ్ చార్జీ కట్టమన్నారు. "ఏ రోడ్డుకండీ?" అన్నాను. గుమాస్తా నవ్వలేదు, చలానా ఇచ్చాడు.